రేవు వీధి పన్నెండో అంశం

మార్చి 4, సోమవారం

సమావేశం ఇవాళ నాలుగు గంటలు సాగింది. రేవు వీధి మీద ఇది మూడోది. నది పక్కనున్న ఆ మైలు పొడవు స్థలాన్ని ఇంతకాలం గోదాములకీ పడవల షెడ్లకీ వదిలేశారు. ఇకమీదట ఇళ్ళకీ దుకాణాలకీ కూడా అనుమతిస్తారు. ఎంత ఎత్తు కట్టాలి, నీటికి ఎంత దూరంలో కట్టాలి, కాలిబాట ఎంత వెడల్పుండాలి, దీపాలు ఎటు తిరిగి ఉండాలి, ఇవన్నీ నిబంధనలుగా రాతలో పెట్టాలి. రాసేది నేను. ఇరవై ఆరేళ్ళుగా ఈ పట్టణ ప్రణాళికా సంఘంలో ఎవరు నోరు విప్పినా ఆ మాట నా చేతిమీదుగానే కాగితం ఎక్కుతోంది.

మైకు ఇవాళ మరీ అధ్వాన్నం. దానికి తోడు చైర్మన్ గారు కొత్త పళ్ళు కట్టించుకున్నారు. పాపం, మాటలన్నీ నోట్లోనే నానుతున్నాయి. మిగతా నలుగురు సభ్యులూ గడ్డం గుండెకి ఆనించుకుని మాట్లాడతారు. ఈ కాలం మనుషులకి నోరు తెరవడం కూడా బరువైపోయింది.

రేవులో పడవలు బాగుచేసే వడ్రంగి లేచి మాట్లాడాడు. పెద్దాయన, మనిషి తాటిమాను లాగా నిటారుగా ఉన్నాడు. పిల్లలు, నీళ్ళు, గోడ, పడిపోవడం. పిల్లలు నీళ్ళలో పడతారని ఆయన బెంగ. సభ్యులందరూ తలలూపారు. పన్నెండో అంశం: నీటి అంచుకి పదిహేను మీటర్ల లోపల గోడ కట్టొచ్చు.

సమావేశం మొదలవకముందే ప్లానింగ్ ఆఫీసరు నా కుర్చీని ముందు వరసలోకి జరిపించాడు. నేను అడగనే లేదు, తనకే తోచింది. వయసులో నాకు కొడుకంత వాడు. మంచివాడు.

మార్చి 6, బుధవారం

కాలింగ్ బెల్ పాడైంది. పోస్టు మనిషి రెండోసారి చీటీ వదిలేసి వెళ్ళిపోయాడు. ఎవరినైనా పిలిచి చూపించాలి.

మార్చి 8, శుక్రవారం

తమ్ముడు పోయి పద్నాలుగు నెలలు. మరదలిని ఆ అద్దె ఇల్లు ఖాళీ చేయించి నా దగ్గరికి తెచ్చుకున్నది నేనే. ముందు గదిలో కుట్టు మిషను వేసుకుంది. ఆమె వచ్చాకే ఈ ఇల్లు ఇల్లులా ఉంది. ఆఫీసు నుంచి వచ్చేసరికి టీ సిద్ధంగా ఉంటుంది. పెళ్ళీ పెటాకులూ లేకుండా యాభై నాలుగేళ్ళు గడిపిన ఆడమనిషికి, వాకిట్లో చెప్పుల చప్పుడు కోసం ఇంకొకరు కాచుకుని ఉండడం ఎంత భాగ్యమో చెప్పలేను.

కానీ ఈ మధ్య మాట తగ్గించింది. నోట్లో నోట్లో గొణుగుతుంది. తమ్ముడి మీద దిగులేమో.

ఇవాళ గిన్నెలు కడుగుతూ, అటు తిరిగే ఏదో అడిగింది. కుళాయి హోరులో కలిసిపోయింది. మళ్ళీ అడిగితే విసుక్కుంటుందేమోనని "సరే" అన్నాను. కుళాయి కట్టేసి నా వైపు చాలాసేపు చూసింది. తర్వాత చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

దేనికి సరే అన్నానో. కరెంటు బిల్లో, కూరగాయలో అయ్యుంటుంది.

మార్చి 14, గురువారం

మూడు సమావేశాల రాతా టైపు చేయడం పూర్తయింది. మొత్తం నలభై ఒక్క అంశాలు. వీధి వైపు మూడంతస్తులు, నీటి వైపు రెండే. కాలిబాట నాలుగు మీటర్లు. దీపాల వెలుగు నేల మీదే పడాలి, నదిలోకి పోకూడదు. చదువుకుంటుంటే రేవు వీధి కళ్ళకి కట్టింది. ఈ ఊరు ఎలా ఉండాలో రాసే కాగితం మీద నా చేయి ఉండడం నేను చేసుకున్న అదృష్టం. నోరారా ఎవరితోనూ అనలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మార్చి 18, సోమవారం

పది నిమిషాల్లో అయిపోయింది. ఐదుగురూ సంతకాలు పెట్టేశారు. ప్లానింగ్ ఆఫీసరు మళ్ళీ రికార్డరు కొనే ప్రస్తావన తెచ్చాడు. ఇది మూడో ఏడు ఆయన అడగడం. చైర్మన్ గారు నన్ను చూపించి ఏదో అన్నారు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బయటికొచ్చాక ప్యూను చెప్పాడు: "మా రికార్డరు ఈవిడేగా, ఇంకోటెందుకు" అన్నారట. ఆ మాటకి రోజంతా కడుపు నిండినట్టుంది.

మార్చి 22, శుక్రవారం

పక్కింటావిడ గేటు దగ్గర ఆపింది. మీ మరదలు దర్జీ వీధిలో గది చూసుకుందటగా అంది. అరిచినట్టే చెప్పింది కాబట్టి పొరపాటు పడే వీల్లేదు.

నాతో ఒక్క మాట అనలేదు. ఏం తక్కువ చేశాను?

అడగను. ఉండమని బతిమాలను కూడా. ఆమె ఇష్టం. ఈ పద్నాలుగు నెలలు నాతో ఉంది, అదే పదివేలు.

అదే పదివేలు.

మార్చి 26, మంగళవారం

నిబంధనలు నోటీసు బోర్డు మీదికెక్కి వారం అయింది. అభ్యంతరాలుంటే ఏప్రిల్ ఎనిమిది లోపల చెప్పుకోవాలి. అందరికంటే ముందు, ఊళ్ళో హోటల్ నడిపే ఆయన దరఖాస్తు తెచ్చాడు. పాత ఉప్పు గోదాము కొన్నాడట. నీటి అంచునే రెండు మీటర్ల ఎత్తు గోడ, నూట నలభై మీటర్ల పొడవు. లోపల కుర్చీలు, గొడుగులు. ఇటుకలు కూడా దింపించేశాడు. పన్నెండో అంశం మీద వేలు పెట్టి చూపించాడు. నా వాక్యమే: నిర్మించవచ్చును.

గోడ కట్టాక రేవు మెట్లు లోపలికి పోతాయి. పటం చూస్తుంటే మనసుకి ఎందుకో బాగాలేదు. కానీ తీర్మానం తీర్మానమే.

మార్చి 28, గురువారం

పొద్దున పదింటికి పడవల వడ్రంగి కౌంటరు దగ్గరికి వచ్చాడు. గోళ్ళ నిండా తారు. బోర్డు మీది కాగితం తనకి అర్థం కాలేదని, పన్నెండోది చదివి చెప్పమని అడిగాడు. చదివాను. నిర్మించవచ్చును అంటే ఏమిటన్నాడు. గోడ కట్టొచ్చని అర్థం అన్నాను.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత ఆయన అన్న మాట నాకు వినపడింది వినపడినట్టే రాస్తున్నాను.

"నేను కట్టొచ్చనే కదమ్మా అన్నాను?"

"అవునండీ. అదే రాశాను."

"అదే అంటారేంటి? కట్టొచ్చన్నాను నేను. అందరూ సరేనన్నారు."

"అవును బాబూ, మీరన్నట్టే ఉంది కాగితంలో."

ఆయనకి నా మీద అనుమానం వచ్చిందనుకుంటాను, ఎగతాళి చేస్తున్నానేమోనని. నాకూ చిరాకు పుట్టింది. ఒకే మాట మూడుసార్లు చెప్పి, మూడుసార్లూ ఔనంటే ఇంకా ఎందుకు నిలబడ్డాడు? నాలుగోసారి కూడా అన్నాడు. నాలుగోసారి కూడా ఔనన్నాను.

అప్పుడాయన మాట్లాడడం ఆపేశాడు. నా మొహం లోకి చూశాడు. చెవి మీదున్న చెక్క పెన్సిల్ తీసి, కౌంటరు మీదున్న పాత కవరు వెనక పెద్ద అక్షరాలతో రాశాడు: వద్దు.

రెండే అక్షరాలు. రెండోదాని కింద గీత గీసి, కవరు నా వైపు తిప్పాడు.

కట్టొద్దు.

స్టూలు మీద కూర్చున్నాను. కలం జారిందని సర్దిచెప్పుకునే వీలు కూడా లేదు. నిర్మించవచ్చును, నిర్మించరాదు, ఈ రెండింటికీ పోలికే లేదు. ఆ రోజు నా చెవిన పడింది కట్టొచ్చు అని. దాన్నే పద్ధతిగా, శుభ్రంగా, తిరగేసి రాశాను.

ఆయన కౌంటరు తలుపు తీసుకుని లోపలికొచ్చి, నా ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాడు. ఆ రోజు సమావేశంలో ఏమన్నాడో మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు, తొందరపడకుండా.

"గోడున్న చోటే పిల్లలు ఎక్కి ఆడతారమ్మా. అవతల ఎంత లోతుందో వాళ్ళకేం తెలుసు. మెట్లున్న చోట ఒక్కో మెట్టే దిగి తెలుసుకుంటారు. ఈ నలభై ఏళ్ళలో ఏడుగుర్ని బయటికి తీశాను. ఏడుగురూ గోడ మీంచి పడ్డవాళ్ళే. అందుకే వద్దన్నాను."

ఆ ఏడుగురిలో ఎంతమంది బతికారని అడిగాను. నాలుగు వేళ్ళు చూపించాడు.

కాసేపటికి, తన ఎడమ చెవి కూడా ఇలాంటిదేనన్నాడు. సుత్తి పనివాళ్ళందరికీ ఇంతేనట. వాళ్ళ నాన్న చివరి పదేళ్ళూ అన్నిటికీ ఔనే అనేవాడట. లేచి వెళ్తూ, "నేనెవరికీ చెప్పనమ్మా. మీరే చెప్పుకోండి" అన్నాడు. కవరు నా దగ్గరే వదిలేశాడు.

మార్చి 29, శుక్రవారం

మైకు బాగానే ఉంది. బెల్ కూడా బాగానే ఉంది.

మార్చి 30, శనివారం

చెవుల డాక్టరు దగ్గర పరీక్ష. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు, ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. తలుపు తీసి అడిగితే అప్పటికే మొదలై, సగం అయిపోయిందట కూడా.

పరీక్ష చేసినావిడ గీత గీసి చూపించింది. ఎడమ నుంచి కొంచెం దూరం బల్లపరుపుగా వెళ్ళి, తర్వాత గుట్ట మీంచి దొర్లినట్టు కిందికి పడిపోయింది. బొంగురు శబ్దాలు వినపడతాయి, సన్నవి పోయాయి. చ, స, త లాంటివి గాలిలో కలిసిపోతాయట. మిగిలిన ముక్కలతో నేనే మాటలు అల్లుకుంటున్నానట, అందరూ అలాగే చేస్తారట. ఐదారేళ్ళ నుంచే మొదలై ఉండాలంది. నా చేయి పట్టుకుని, ఇది మీ తప్పు కాదండీ అంది. ముక్కూ మొహం తెలియని మనిషి. ఆమె చల్లగా ఉండాలి.

ఐదారేళ్ళు. రెండు చెవులకీ మిషన్లు పెట్టుకోవాలి. తయారై రావడానికి మూడు వారాలు.

కాగితం మడిచి పుస్తకంలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 1, సోమవారం

ప్లానింగ్ ఆఫీసరు గదికి వెళ్ళి పన్నెండో అంశం తప్పు పడిందన్నాను. ఎలా అని అడగలేదు. తలుపు వేసి, నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఈయన నాతో ఎప్పుడు మాట్లాడినా మొహం నా వైపే ఉంటుందని ఇప్పుడు తట్టింది.

"అచ్చుతప్పని చీటీ రాద్దాం మేడమ్. చైర్మన్ గారు సంతకం పెడతారు. అక్కడితో సరి."

ఎప్పట్నుంచి తెలుసని అడిగాను. తను ఈ ఆఫీసుకి వచ్చిన ఏడాదే తెలిసిందట. కుర్చీ ముందుకి జరిపించడం, ఏటా రికార్డరు అడగడం, అంతా అందుకే. "మీకు చెప్పే ధైర్యం లేకపోయింది. అది నా తప్పు" అన్నాడు.

చీటీ రాయమన్నాను. ఉద్యోగం ఇంకా నాలుగేళ్ళుంది. గోడ ఆగుతుంది, మెట్లు మిగులుతాయి, ఎవరికీ నష్టం లేదు. ఇంత తేలిగ్గా తేలుతుందనుకోలేదు. ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఏప్రిల్ 2, మంగళవారం

అచ్చుతప్పు. అచ్చుతప్పే.

ఏప్రిల్ 3, బుధవారం

మధ్యాహ్నం సెలవు పెట్టి, మూడు సమావేశాల షార్ట్‌హ్యాండ్ పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. "వచ్చు" అనో "వద్దు" అనో తేలిన తీర్మానాలు ఎన్నున్నాయో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. పంతొమ్మిది. పన్నెండోది పోను పద్దెనిమిది. దీపాలు, చెట్లు, పడవలు ఒడ్డుకి లాగడం, బండ్లు నిలపడం. అన్నీ నా చేతిరాతే, అన్నీ ఒకే ధీమాతో ఉన్నాయి. ఏది నిజంగా విన్నదో, ఏది అల్లుకున్నదో నాకే తెలియదు.

అచ్చుతప్పంటే ఒక్కటే దిద్దుతారు. మిగతావి అలాగే ఊరి చట్టమైపోతాయి.

ఏప్రిల్ 4, గురువారం

పొద్దున్నే మరదలు గదిలోకి వచ్చింది. పుస్తకం దులుపుతుంటే డాక్టరు కాగితం కింద పడిందట. నా ముందుకొచ్చి నిలబడి, ఇదేమిటి వదినా అంది. చెప్పాను. ఒక్కొక్కటీ చెప్పాను, వడ్రంగి కవరు దాకా.

ఆమె మంచం అంచున కూర్చుండిపోయింది.

"మరి ఆ రోజు గిన్నెలు కడుగుతూ నేనడిగింది?"

"ఏమడిగావో నాకు వినపడలేదు."

"నేను వేరే గది చూసుకోనా వదినా అని అడిగాను. మీరు సరే అన్నారు."

వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

ఆర్నెల్లుగా తను పిలిస్తే నేను పలకడం లేదట. పక్కగదిలోంచి ఏదన్నా అడిగితే జవాబుండదట. తను ఇక్కడుండడం నాకు బరువైపోయిందనీ, మొహమాటానికి బయటికి అనలేకపోతున్నాననీ అనుకుంది. అలా అనుకున్నకొద్దీ గొంతు ఇంకా తగ్గించుకుంది. తను గొంతు తగ్గించినకొద్దీ నాకు ఇంకా వినపడలేదు. ఇద్దరం ఒకే కప్పు కింద ఒకరికొకరు అడ్డం కాకూడదని ఒదిగొదిగి తిరిగాం.

ఎవరు ముందు నవ్వారో గుర్తు లేదు. నవ్వు ఎప్పుడు ఏడుపైందో కూడా.

"మధ్యాహ్నం వెళ్ళి గది వద్దని చెప్పేస్తా" అంది.

"ఏమన్నావు? ఇటు తిరిగి చెప్పు."

"వద్దని."

"ఇంకోసారి."

"వద్దు. వద్దు. వద్దు. చాలా?"

చాలు.

తర్వాత ఆ పద్దెనిమిదింటి సంగతి ఏం చేయనని అడిగాను. అచ్చుతప్పు చీటీతో బయటపడొచ్చని కూడా చెప్పాను. ఆమె తన పని మాటల్లోనే చెప్పింది. కుట్టు వంకరపోతే మొత్తం విప్పుకోవాల్సిందేనట. పైన పట్టీ వేసి కప్పితే ఇచ్చేటప్పుడు బాగానే ఉంటుంది, రెండు ఉతుకులకి బయటపడుతుంది, అప్పుడు గుడ్డ కూడా పాడవుతుంది. "ఉద్యోగం పోతే పోయింది వదినా. మిషనుంది, నేనున్నా" అంది.

వినపడింది. రెండోసారి చెప్పించుకున్నాను మాత్రం, మళ్ళీ వినాలని.

ఏప్రిల్ 8, సోమవారం

ఇంటికొచ్చి స్నానం చేసి రాస్తున్నాను.

హాలు నిండిపోయింది. రేవు వాళ్ళు ఇరవై మంది దాకా వచ్చారు. హోటల్ ఆయన ముందు వరసలో. మరదలు వెనక గోడనానుకుని నిలబడింది, కుట్టు పని మానుకుని వచ్చింది. ప్లానింగ్ ఆఫీసరు అచ్చుతప్పు చీటీ తీసి చదవబోతుంటే లేచి నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ళలో ఆ హాల్లో నేను నోరు విప్పడం ఇదే మొదలు.

"నాకు చెవులు సరిగా వినపడవు. అది అచ్చుతప్పు కాదు, నేను తప్పుగా విన్నాను. ఇలాంటి తీర్మానాలు ఇంకా పద్దెనిమిదున్నాయి. వాటిలో ఏవి తప్పో నాకు తెలీదు. అందరూ నన్ను క్షమించాలి."

కూర్చుందామంటే కుర్చీ ఎక్కడుందో కనపడలేదు.

హోటల్ ఆయన లేచాడు. కోపంతో మాట్లాడే మనిషిది ప్రతి అక్షరం వినపడుతుంది. "కాగితంలో ఉందనేగా నేను ఇటుకలు దింపించింది? ఈవిడకి వినపడకపోతే నేను నష్టపోవాలా?" అన్నాడు. అడిగిన దాంట్లో అన్యాయం లేదు. ఆయనకి విడిగా క్షమాపణ చెప్పాను. ఆయన తల తిప్పుకున్నాడు.

చైర్మన్ గారు చాలాసేపు కాగితాలు తిరగేశారు. బడిపంతులుగా పనిచేసిన మనిషి, పిల్లవాడి పుస్తకం చూసినట్టు చూశారు. నా కోసమని మైకు పక్కన పెట్టి, లేచి నా ముందుకొచ్చి మాట్లాడారు.

"ప్రతి పేజీ కింద మా ఐదుగురి సంతకాలున్నాయమ్మా. మీరు వినలేదు. మేం చదవలేదు. నేనైతే ఒక్క పేజీ కూడా చదవలేదు."

మిగతా నలుగురూ బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన మెల్లగా చేయెత్తి, నేనూ చదవలేదన్నాడు. తర్వాత ఇంకొకరు.

పద్దెనిమిదింటినీ వరసగా తీశారు. ప్లానింగ్ ఆఫీసరు సుద్దముక్క తీసుకుని, ఒక్కో అంశం చర్చించాక వచ్చు అనో వద్దు అనో బోర్డు మీద చేటంత అక్షరాలతో రాయడం, అందరూ చూసి చేయెత్తడం, అప్పుడు నేను రాసుకోవడం. నాలుగున్నర గంటలు. ఎవరూ లేచి వెళ్ళలేదు.

పద్నాలుగు సరిగ్గానే ఉన్నాయి. మూడు తిరగబడ్డాయి. పడవలు ఒడ్డుకి లాగి ఆరబెట్టుకోవచ్చని వాళ్ళు తీర్మానిస్తే, నేను వద్దని రాశాను. అది అలాగే ఉంటే రేవు వాళ్ళకి బతుకుతెరువు పోయేది. ఆ ఒక్కటి బోర్డు మీద మారినప్పుడు వెనకనుంచి ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు, అది కూడా నాకు వినపడలేదు, వాళ్ళ భుజాలు దిగడం చూశాను. పద్దెనిమిదోది, మెట్ల దగ్గర ఈత కొట్టొచ్చా కొట్టొద్దా అన్నది, ఎవరికీ గుర్తు లేదు. ఏం తీర్మానించామో ఐదుగురు ఐదు రకాలుగా చెప్పారు. చెవులు బాగున్నవాళ్ళే. హాలంతా నవ్వింది. ఈసారి ఎందుకు నవ్వుతున్నారో తెలిసే నవ్వాను. మళ్ళీ చర్చించి, కొట్టొచ్చని తేల్చారు.

పన్నెండోది: నీటి అంచుకి పదిహేను మీటర్ల లోపల గోడ కట్టొద్దు.

బయట పడవల వడ్రంగి నా పక్కకొచ్చి, తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 10, బుధవారం

రికార్డరు కొంటున్నారు. సమావేశాల రాత పని నా దగ్గర్నుంచి తీసేశారు. ఉద్యోగం ఉంది, జీతం అదే. రేవు వీధిలో కొలతల పని చూడమన్నారు.

మేలే జరిగిందని అందరూ అంటున్నారు. నేనూ అన్నాను. కానీ సాయంత్రం సొరుగు ఖాళీ చేస్తూ ఆ పుస్తకాలు కట్ట కడుతుంటే గుండె కలుక్కుమంది. ఇది నాకోసం రాసుకుంటున్న రాత, ఇందులో కూడా నొప్పి లేదని రాస్తే ఇంకెక్కడ నిజం రాయను?

హోటల్ ఆయన అభ్యంతరం పెట్టాడు. విచారణ ఉంటుంది. మెట్ల మీద ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు. తిప్పుకోనీ.

ఏప్రిల్ 17, బుధవారం

పొద్దుటినుంచీ ఒడ్డు మీదే. నీటి అంచు నుంచి టేపు పట్టి పదిహేను మీటర్లు కొలవడం, అక్కడ కొయ్య మేకు దిగ్గొట్టడం, ఎర్ర తాడు కట్టడం. మేకులు చెక్కి తెచ్చింది పడవల వడ్రంగే, దిగ్గొట్టింది కూడా ఆయనే. ఇద్దరం కలిపి మూడు చెవుల మనుషులం కాబోలు అన్నాడు. మీవి ఒకటిన్నర, నావి అర అన్నాను. లెక్క కుదరలేదని ఇద్దరం వాదించుకున్నాం. ఇరవై ఆరేళ్ళు నది గురించి రాశాను గానీ, చెప్పులు విడిచి దాని అంచున నిలబడింది ఇవాళే. పాదాల కింద బురద చల్లగా ఉంది. మధ్యాహ్నం ఆయన భార్య ఇద్దరికీ భోజనం తెచ్చి, షెడ్డులో తలకిందులుగా పెట్టిన పడవ మీదే వడ్డించింది.

నలభై మూడు మేకులు. గట్టి పని. ఒళ్ళు నొప్పులు. హాయిగా ఉంది.

ఏప్రిల్ 21, ఆదివారం

చెవి మిషన్లు నిన్న సాయంత్రం వచ్చాయి. మొదటి గంట నరకం. కాగితం తిప్పితే తగరం చింపినట్టుంది. నా చెప్పులు నన్నే తరుముతున్నట్టున్నాయి. అలవాటు కావాలి, రోజుకి కాసేపే పెట్టుకోమన్నారు.

ఇవాళ పొద్దున టిఫినయ్యాక పెట్టుకుని, నా గదిలో కూర్చున్నాను. మరదలు ముందు గదిలో కుడుతోంది. మిషను కొంతసేపు తిరిగి ఆగింది. ఆగిన చోట ఆమె గొంతు వినపడింది. ఎవరో వచ్చారనుకుని తలుపు దాకా వెళ్ళాను. ఎవరూ లేరు. ఒక్కతే, అటు తిరిగి, ఒళ్ళో గుడ్డ పెట్టుకుని సూదికి దారం ఎక్కిస్తోంది.

"ఏమండీ, మీ అక్కకి మిషన్లొచ్చాయి. రెండు చెవులకీ. పొద్దున అద్దంలో చూసుకుని మురిసిపోతోంది. ఆ రోజు హాల్లో లేచి నిలబడితే మీరు చూడాల్సింది. నాకైతే కాళ్ళు వణికాయి, ఆవిడకి వణకలేదు. రేవులో గోడ కట్టరట. నీళ్ళదాకా నడిచి వెళ్ళొచ్చట."

దారం ఎక్కలేదు. కొస తడిచేసుకుని మళ్ళీ పెట్టింది.

"నేనిక్కడే ఉంటున్నా. ఆవిడ ఉండమంది. మీరు బెంగపెట్టుకోకండి."

ఎన్నాళ్ళుగా ఇలా మాట్లాడుకుంటోందో. ఈ ఇంట్లో వినేవాళ్ళు ఎవరూ లేరని నమ్మి, నోరు తెరిచి చెప్పుకుంటోంది.

అవి నాతో అన్న మాటలు కావు. చప్పుడు చేయకుండా గదిలోకి వచ్చేసి, రెండు మిషన్లూ తీసి డబ్బాలో పెట్టి మూత వేశాను. కిటికీ దగ్గర కూర్చున్నాను.

చాలాసేపటికి ఆమె వచ్చి, నా ముందుకొచ్చి నిలబడి, టీ పెట్టనా అని అడిగింది. పెదవులు చూసి, పెట్టమన్నాను.